నగర వీథి నుంచి లోహఫలకానికి: కృష్ణారెడ్డి ముద్రణకళ

మిశ్రమ మాధ్యమం అనగానే కాన్వాసుపై కాగితం, గుడ్డ, లోహపు ముక్కలు అతికించిన చిత్రమే స్ఫురిస్తుంది. ఈ నిర్వచనానికే పరిమితమైతే ముద్రణచిత్రకారుడు కృష్ణారెడ్డి (1925–2018) కృషి చర్చలోకే రాదు.

చిత్తూరు జిల్లాలో జన్మించిన ఆయన శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ వద్ద చిత్రకళను, లండన్‌లో హెన్రీ మూర్ వద్ద, పారిస్‌లో జాడ్‌కిన్ వద్ద శిల్పకళను అభ్యసించారు. అనంతరం స్టాన్లీ విలియం హేటర్ స్థాపించిన ‘అతెలియే 17’లో ముద్రణకళను చేపట్టారు. శిల్పి కావడం వల్ల లోహఫలకాన్ని ఎత్తుపల్లాలున్న శిల్పంగానే మలిచారు.

రంగుల ముద్రణకు సాధారణంగా రంగుకొక ఫలకం కావాలి. కృష్ణారెడ్డి, కైకో మోటీ ఆ శాలలో అభివృద్ధి చేసిన పద్ధతిలో ఒకే ఫలకం చాలు. గట్టి రోలరు పై తలాన్ని మాత్రమే తాకుతుంది. మెత్తని రోలరు పల్లాల్లోకి దిగుతుంది. నూనె ఎక్కువైన పలుచని రంగు చిక్కని రంగును తనపై నిలవనీయదు. అందువల్ల రంగులు కలిసిపోకుండా ఒకే ఒత్తిడిలో కాగితంపైకి వస్తాయి.

1968 మే నెలలో పారిస్ వీథుల్లో చెలరేగిన విద్యార్థి ఉద్యమం ఆయన ‘డెమాన్‌స్ట్రేటర్స్’ ముద్రణకు ప్రేరణ. వేర్వేరు లోతుల్లోని రంగులు తమ ఉనికి కోల్పోకుండా ఒకే చిత్రమైనట్లే, వేర్వేరు వ్యక్తులు ఒకే జనసమూహమయ్యారు. ఇక్కడ వస్తువుకూ ప్రక్రియకూ అభేదం సిద్ధించింది.

కనుక ఇటువంటి కృతులను అధ్యయనం చేసేవారు కాగితంతో పాటు ఫలకాన్నీ పరిశీలించాలి. కాగితాన్ని మాత్రమే చూస్తే చిత్రకారుడు కనిపిస్తాడు, శిల్పి మరుగునపడతాడు.