ఇంటి సాయం తిరిగి కట్టమని నోటీసు వస్తే



ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, అందరూ వెళ్లిపోయేదాకా ఆగిన ఒక అమ్మ కొంగు ముడి విప్పి, మడత పెట్టిన కాగితం నా చేతిలో పెట్టింది. "అయ్యగారూ, నన్ను జైల్ల ఏస్తరా?" అని అడిగింది. ఆమెకు కొత్తగా ఇల్లు మంజూరై మొదటి బిల్లు పడింది. చనిపోయిన భర్త పేరున పాత పథకంలో కూడా ఇల్లు తీసుకున్నట్టు రికార్డులో ఉంది కనుక ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని, లేదంటే ఇచ్చిన సొమ్ము వసూలు చేస్తామని ఆ కాగితంలో ఉంది. అది వచ్చి అప్పటికే నాలుగు రోజులైంది. విచారణకు మనుషులు వచ్చి పోయారని ఊళ్లో మాట పుట్టినప్పటి నుంచి, అంతకు ముందు రెండు ఆదివారాలు ఆమె మందిరానికి రాలేదు.

నారాయణఖేడ్ చుట్టుపక్కల గ్రామాల్లో, తండాల్లో ఇలాంటి కాగితం ఎవరింటికైనా రావచ్చు. అప్పుడు ఏం చేయాలో వరుసగా రాస్తున్నాను. చదవడం రాని ఇరుగుపొరుగు వారికి వినిపించండి.

విచారణలు ఎందుకు వస్తాయి

ఉమ్మడి రాష్ట్రంలో 2006లో మొదలైన ఇందిరమ్మ కార్యక్రమం కింద లక్షల ఇళ్లు మంజూరయ్యాయి. కట్టని ఇళ్లకు బిల్లులు తీశారని, ఒకే పేరున ఒకటికి మించి ఇళ్లు చూపారని ఆరోపణలు రావడంతో, 2014లో కొత్తగా ఏర్పడిన తెలంగాణ ప్రభుత్వం సీఐడీ విచారణకు ఆదేశించింది. ఆ కాలపు రికార్డుల్లో తప్పులుంటే ఆ నీడ నేటి దరఖాస్తుల మీద కూడా పడుతుంది.

ఇప్పటి ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభించారు. సాయం 5 లక్షల రూపాయలు. ప్రభుత్వం ఒక దశలో ప్రకటించిన లెక్క ప్రకారం బేస్‌మెంట్ అయ్యాక 1 లక్ష, గోడలు లేచాక 1.25 లక్షలు, స్లాబ్ పడ్డాక 1.75 లక్షలు, ఇల్లు పూర్తయ్యాక 1 లక్ష. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. ప్రతి దశలో ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాకే బిల్లు కదులుతుంది.

కనుక ప్రశ్నలు ఎక్కువగా నాలుగు చోట్ల పుడతాయి. పాత పథకంలో ఇల్లు పొందినట్టు రికార్డు ఉండటం మొదటిది. కొలత మించడం రెండోది. జరిగిన పనికి, తీసుకున్న బిల్లుకు పొంతన లేకపోవడం మూడోది. మంజూరైన మనిషి ఆ ఊళ్లో ఉండటం లేదనడం నాలుగోది. చివరిది మన ప్రాంతానికి బాగా తెలిసిన ఇబ్బంది. చెరకు కొట్టడానికో, పట్నంలో కూలికో కుటుంబమంతా వెళ్లిన నెలల్లో తనిఖీ జరిగితే, తాళం వేసిన తలుపే సాక్ష్యమైపోతుంది.

నోటీసు అందిన రోజు

తీసుకోనని తిప్పి పంపకండి. తీసుకోకపోయినా గడువు ఆగదు. అందిన తేదీని దాని మీదే రాసి ఫొటో తీసుకోండి. తర్వాత మూడు సంగతులు చూడండి: ఏ అధికారి సంతకం ఉంది, ఎంత సొమ్ము అంటున్నారు, ఎన్ని రోజుల గడువు ఇచ్చారు.

అది సంజాయిషీ అడిగే నోటీసా, వసూలు ఉత్తర్వా అన్నది ముఖ్యం. మొదటిదైతే నిర్ణయం ఇంకా జరగలేదు, మీ మాట వినడానికే పిలుస్తున్నారు. గడువు చాలకపోతే ఆ గడువు లోపలే ఒక కాగితం రాసి మరికొన్ని రోజులు అడగండి. ఇచ్చే ప్రతి కాగితానికీ నకలు ఉంచుకుని, దాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయమంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

ఎవరో ఇంటికి వచ్చి సంతకం పెట్టమంటే, పూర్తిగా చదివించుకున్నాకే పెట్టండి. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయకండి.

ముందు నిజం తెలుసుకోండి

భయపడిన మనిషి రెండు తప్పుల్లో ఒకటి చేస్తాడు. అసలేమీ తీసుకోలేదని అన్నింటినీ కొట్టేస్తాడు, లేదా చేయని తప్పును కూడా ఒప్పుకుని అప్పు చేసి కడతాడు. రెండూ నిజం కావు. మిమ్మల్ని మీరు ఈ ప్రశ్న వేసుకోండి: ఆ సొమ్ము నాకు నిజంగా ముట్టిందా, ముడితే ఎవరి తప్పు వల్ల?

సొమ్ము మీకు ముట్టనే లేదు, మీ పేరు వాడుకుని వేరెవరో తీసుకున్నారు అనుకుందాం. అప్పుడు మీరు బాకీదారు కాదు, మోసపోయినవారు. ఆ మాటే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

సొమ్ము ముట్టింది, కానీ మీరు ఏదీ దాచలేదు, లెక్క తప్పింది ఆఫీసులో. అప్పుడు వసూలు న్యాయమా కాదా అని అడిగే హక్కు మీకుంది.

తెలిసే దాచారు, లేదా తప్పుడు కాగితం ఇచ్చారు. అప్పుడు దాన్ని కప్పిపుచ్చడానికి మరో అబద్ధం ఆడవద్దు. అయితే అధికారి ముందు ఏ రాతా ఇవ్వకముందే న్యాయవాదిని కలవండి. తన మీద తానే సాక్ష్యం చెప్పేలా నిందితుణ్ణి బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20వ అధికరణం చెబుతోంది. ఒప్పుకోవడం మంచిదే, కానీ ఏ మాట ఎక్కడ, ఎలా చెప్పాలో తెలిసి చెప్పాలి.

నాకు కాగితం చూపిన అమ్మను ఇదే అడిగాను. చాలాసేపు ఆలోచించి, "సిమెంటు బస్తాలొచ్చినయ్ అయ్యగారూ. బేస్‌మెంట్ కట్టినం. ఆయన మంచాన పడ్డడు, మిగిలిన పైసలు రాలే, ఇల్లు లేవలే" అంది. ఏదీ తీసుకోలేదని రాద్దామని పక్కింటి వాళ్లు చెప్పారట. అలా రాసి ఉంటే, బస్తాల లెక్క బయటపడిన రోజు ఆమె చెప్పే మిగతా నిజాన్నీ ఎవరూ నమ్మేవారు కాదు.

రికార్డు తెప్పించుకోవడం

మీ మీద ఆరోపణకు ఆధారమైన కాగితాలను ఆ ఆఫీసునే అడగండి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై ఆఫీసుల్లో 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. రాకపోతే మరో 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయవచ్చు.

మంజూరు ఉత్తర్వు, దశలవారీగా బిల్లు పడిన తేదీలు, ఏ ఖాతాకు వెళ్లింది, తనిఖీ ఫొటోలు, కొలతల పుస్తకం నకలు అడగండి. అదే సమయంలో మీ బ్యాంకు నుంచి ఆ సంవత్సరాల ఖాతా వివరాలు తీసుకోండి. రెండూ పక్కపక్కన పెడితే చాలా చిక్కులు అక్కడే విడిపోతాయి. వలస వెళ్లినవారు పని చేసిన చోటి కాగితం, పిల్లల బడి రికార్డు, రేషన్ తీసుకున్న వివరాలు జతచేయవచ్చు.

సమాచార హక్కు కింద జవాబు రావడానికి నెల పడుతుంది, సంజాయిషీకి వారమే ఉంటుంది. కనుక రికార్డు అడిగామని, అది అందేదాకా తుది నిర్ణయం తీసుకోవద్దని మొదటి జవాబులోనే రాయండి.

జవాబు ఎలా ఉండాలి

ఒకటి రెండు పేజీలు చాలు. నోటీసు సంఖ్య, తేదీ పైన రాయండి. ఆరోపణలకు వరుసగా, ఒక్కోదానికి ఒక్కో పేరాలో జవాబివ్వండి. తీసుకున్నది ఎంతో, తీసుకోనిది ఏదో విడివిడిగా చెప్పండి. గుర్తులేని తేదీని ఊహించి రాయకండి. చివర రెండు విన్నపాలు ఉండాలి: నన్ను నేరుగా పిలిచి వినండి, బాకీ ఉందని తేలితే వాయిదాల్లో కట్టనివ్వండి. ముందు వాయిదాలు అడిగి, తర్వాత బాకీ లేదని రాస్తే మాట తేలిపోతుంది, కనుక వరుస తప్పకండి.

జవాబు నోటీసు ఇచ్చిన అధికారికే వెళ్లాలి. నకలును సంగారెడ్డి కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో ఇవ్వవచ్చు.

చట్టం ఇచ్చే అండ

వినకుండా శిక్షించకూడదన్నది సహజ న్యాయ సూత్రం. ఏ విచారణా లేకుండా వసూలుకు దిగితే హైకోర్టులో రిట్ వేయవచ్చు. నోటీసులో రెవెన్యూ రికవరీ చట్టం అన్న మాట కనిపిస్తే అసలు ఆలస్యం చేయకండి. 1864 నాటి ఆ చట్టం కింద భూమి శిస్తు బకాయిని వసూలు చేసినట్టు ఆస్తి జప్తు చేసే వీలుంది.

ఉద్యోగులకు పొరపాటున ఎక్కువ జీతం చెల్లించిన కేసుల్లో సుప్రీంకోర్టు 2014లో రఫీక్ మసీహ్ తీర్పు, 2022లో థామస్ డేనియల్ తీర్పు ఇచ్చింది. తీసుకున్నవారి మోసం లేనప్పుడు, ఏళ్ల తర్వాత వసూలు చేయడం వారిని మోయలేని కష్టంలోకి నెడుతుందని కోర్టు గుర్తించింది. ఆ తీర్పులు ఇంటి సాయానికి నేరుగా అతకవు, కానీ అందులోని న్యాయం మీ న్యాయవాది వాదనకు పనికొస్తుంది.

2024 జూలైలో మన రాష్ట్రంలోనే ఒక వృద్ధురాలికి, ఆసరా పింఛనుగా ఇచ్చిన 1.72 లక్షల రూపాయలు తిరిగి కట్టమని నోటీసు వెళ్లింది. విమర్శలు రేగాక, తదుపరి ఆదేశాలు వచ్చేదాకా అలాంటి వసూళ్లు చేపట్టవద్దని ప్రభుత్వం అధికారులకు చెప్పింది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ సాయం తీసుకున్న వేలాది తల్లిదండ్రులను మోసగాళ్లుగా ముద్రవేసి వసూలు చేసిన వ్యవహారంలో 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేసింది. రికార్డులో ఉన్నదల్లా నిజమని అనుకోనక్కర్లేదు.

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయవచ్చు, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టవచ్చు.

కుల ధ్రువపత్రం సంగతి

మన సంఘాల్లో గుసగుసగా మాట్లాడుకునే విషయం ఇది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైనవారికి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో వారు బీసీ-సీ కిందికి వస్తారు. 2024 నవంబరులో ఒక కేసులో, క్రైస్తవ విశ్వాసం ఆచరిస్తూ ఎస్సీ ధ్రువపత్రం కోరడాన్ని సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది. మరోవైపు 1977లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జీవో 341 ద్వారా, చట్టబద్ధం కాని కొన్ని రాయితీలను క్రైస్తవులైన ఎస్సీలకూ ఇచ్చింది. మీ ఇల్లు ఏ కోటాలో మంజూరైందో, ఈ జీవో దానికి వర్తిస్తుందో న్యాయవాదితో చూపించుకోండి. ఇందులో పాస్టరు చెప్పే మాట చాలదు. ఒక మాట మాత్రం చెప్పగలను: సాయం కోసం బాప్తిస్మాన్ని దాచమని ఎవరికీ సలహా ఇవ్వకండి, దాచినవారిని వేదిక మీద నుంచి వేలెత్తి చూపకండి.

పోలీసులు, దళారులు

విచారణ పోలీసుల దాకా వెళితే, సాక్షిగా పిలిచిన మహిళను, 60 ఏళ్లు దాటినవారిని స్టేషన్‌కు రమ్మని ఒత్తిడి చేయకూడదు. వారిని నివాసంలోనే ప్రశ్నించాలని కొత్త నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ చెబుతోంది. కేసు మాఫీ చేయిస్తానని డబ్బడిగే ఉద్యోగి మీద ఏసీబీకి 1064లో చెప్పండి. ఫోన్‌లో లింకు పంపి కట్టమంటే అది మోసమే, 1930కు చెప్పండి. నిజమైన బాకీ ప్రభుత్వ ఖాతాకే కట్టాలి, రసీదు తీసుకోవాలి.

సంఘం చేయవలసింది

జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదాన్ని నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. పౌలు తాను చేయని నేరానికి తల వంచక కైసరుకు అప్పీలు చేసుకున్నాడు. ఇద్దరూ మనవాళ్లే. తీసుకున్నదాన్ని తిరిగి ఇవ్వడం భక్తి అయితే, తీసుకోనిదాన్ని తీసుకోలేదని నిలబడి చెప్పడమూ భక్తే.

కనుక పెద్దలకు నా మనవి. నోటీసు వచ్చిన ఇంటికి ఆ వారంలోనే ఇద్దరు వెళ్లండి, వారిలో ఒకరు చదువుకున్నవారు కావాలి. ప్రార్థన చేయండి, తర్వాత కాగితాలు వరుస పెట్టండి. ఆఫీసుకు వెంట వెళ్లండి. నిజమైన బాకీ తేలి, కట్టే స్తోమత లేకపోతే సహాయ నిధి నుంచి ఒకటి రెండు వాయిదాలు భరించండి. స్త్రీల సహవాసంలో వారి పేరెత్తి ప్రార్థన అంశంగా ప్రకటించకండి, అడిగితేనే చెప్పండి.

ఆ అమ్మ జవాబు ఆరో రోజున ఆఫీసులో ముద్ర వేయించుకుంది. సిమెంటు బస్తాలు ముట్టాయని, మిగతా బిల్లులు ఎవరి ఖాతాకు వెళ్లాయో చూపమని అందులో ఉంది. నిర్ణయం ఇంకా రాలేదు. కానీ ఆ తర్వాతి ఆదివారం ఆమె ఎప్పటి చోటే కూర్చుంది. పక్కన ఎవరో కొంచెం జరిగి చోటిచ్చారు.

మీ సంఘంలో ఈ మధ్య ఎవరి చోటు ఖాళీగా ఉందో ఈ ఆదివారం ఒకసారి చూడండి.