రెండక్షరాల ఆజ్ఞలు

కంప్యూటరు అనగానే తెర మీది బొమ్మలూ, వాటి మధ్య తిరిగే బాణం గుర్తూ కళ్లముందు మెదులుతాయి. లినక్స్ వాడేవారిలో చాలామంది మాత్రం ఇప్పటికీ రెండేసి అక్షరాలు కొట్టి పనులు జరిపించుకుంటారు. ఫైళ్ల జాబితాకు 'ఎల్‌ఎస్', నకలు తీయడానికి 'సీపీ', చోటు మార్చడానికి 'ఎంవీ', తీసివేయడానికి 'ఆర్‌ఎం'. పేర్లలో ఇంత పొదుపు ఎందుకో?

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ వ్యవస్థకు శ్రీకారం చుట్టారు. అప్పట్లో కంప్యూటరుతో మాట్లాడటానికి వారు ఎక్కువగా వాడినది టెలిటైప్. అది కాగితం మీద అచ్చుకొట్టే యంత్రం. మీటలు గట్టిగా నొక్కాలి. వేగమా, సెకనుకు పది అక్షరాలు! అటువంటి చోట పేరు పొట్టిదైతే వేలికీ సుఖం, కాగితానికీ ఆదా. 1971 నవంబరులో వెలువడిన యూనిక్స్ తొలి కరదీపికలోనే ఈ నాలుగు ఆజ్ఞలూ ఉన్నాయి. డిస్కులో ఏది ఎంత చోటు తింటున్నదో చెప్పే 'డీయూ', ఇంకా ఎంత ఖాళీ ఉందో చెప్పే 'డీఎఫ్' కూడా అప్పటివే.

పొదుపు మాటకూ పాకింది. పని సవ్యంగా జరిగితే ఈ ఆజ్ఞలు చాలావరకు నోరు మెదపవు. అక్కడే జాగ్రత్త అవసరం. 'ఆర్‌ఎం' మామూలుగా "తీసేయమంటారా?" అని అడగదు. తీసినది చెత్తబుట్టలోకీ పోదు. అందుకే ముందు 'ఎల్‌ఎస్'తో చూసుకుని, ఆ తరువాతే 'ఆర్‌ఎం' కొట్టడం మంచిది.

తోటలో నీటి గొట్టాలను కలిపినట్టు ప్రోగ్రాములను ఒకదానికొకటి కలపగలగాలని డగ్లస్ మెకిల్‌రాయ్ 1964లోనే రాశారు. 1973లో థాంప్సన్ దానిని చేసి చూపారు. నేడు 'డీయూ' చెప్పిన లెక్కను ఆ గొట్టం గుండా 'సార్ట్'కు పంపి అంకెల వరుసలో పేర్చమంటే, డిస్కును ఎక్కువగా నింపుతున్నవి అడుగున తేలతాయి.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ పథకాన్ని ప్రకటించారు. అందులో ఈ ఆజ్ఞలను అందరూ స్వేచ్ఛగా వాడుకునేలా కొత్తగా రాశారు. 1991లో హెల్సింకీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ మూలభాగాన్ని అందించాడు. రెండూ కలిసి మన ఇళ్లదాకా వచ్చాయి.

సరిహద్దులో ఉండే మనకు మరొక మేలూ జరిగింది. 1992లో అదే థాంప్సన్, రాబ్ పైక్‌తో కలిసి యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిని రూపొందించారు. దాని మూలంగా నేడు ఒకే డిస్కులో తెలుగు పేరున్న ఫైలు పక్కనే కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ పేర్ల ఫైళ్లూ ఉండగలుగుతున్నాయి. ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష ఉన్న మన పిల్లలకు ఇది చిన్న సౌకర్యం కాదు.

పిట్ట కొంచెం, కూత ఘనం అంటారు. యాభై ఏళ్లు దాటినా ఆ రెండక్షరాలు పనిచేస్తూనే ఉన్నాయి.