మొజార్ట్ ఐదవ వయొలిన్ కన్చెర్టోలో గమనభంగం

సాల్జ్‌బర్గ్ ఆర్చిబిషప్ కొలొరెడో ఆస్థానంలో కొలువున్న వోల్ఫ్‌గాంగ్ అమదేయుస్ మొజార్ట్ పందొమ్మిదేళ్ల వయసులో, 1775 డిసెంబరు 20న పూర్తిచేసిన ‘ఎ’ మేజర్ వయొలిన్ కన్చెర్టో, కోషెల్ పట్టికలో 219వ రచన, ‘తురుష్క కన్చెర్టో’గా ప్రసిద్ధి పొందింది. చివరి భాగంలోని ఒకే ఒక ఘట్టాన్ని బట్టి వచ్చిన ఈ పేరు ఆ ఘట్టం పైకే శ్రోత దృష్టిని లాగి, సాగుతున్న నడకను ఉన్నట్టుండి విరిచి వేరొక లోకాన్ని ప్రవేశపెట్టే పద్ధతి ఈ రచనలో ఆరంభం నుంచే ఉందన్న విషయాన్ని మరుగుపరుస్తున్నది.

కన్చెర్టో అంటే ఒక ప్రధాన వాద్యమూ వాద్యబృందమూ కలిసి, సాధారణంగా మూడు భాగాలుగా నడిపే రచన. ఇక్కడ బృందం చిన్నది: తంత్రీవాద్యాలు, రెండు ఓబోలు, రెండు హార్న్‌లు మాత్రమే. ఆనాటి ఆనవాయితీ ప్రకారం మొదట బృందం ముఖ్యమైన స్వరవాక్యాలను వినిపిస్తుంది, ఆపై ప్రధాన వయొలిన్ వచ్చి అదే వేగంలో వాటిని అందుకుంటుంది. మొజార్ట్ ఈ ఆనవాయితీని అనూహ్యంగా దాటాడు. ‘అలెగ్రో అపెర్తో’ అనే చురుకైన, విశాలమైన నడకలో బృందం తన వంతు ముగించగానే వేగం పూర్తిగా తగ్గి ‘అడాజియో’ అనే విలంబగతి మొదలవుతుంది. కింద వయొలిన్లు సన్నగా మర్మరధ్వని చేస్తుండగా, ప్రధాన వయొలిన్ కేవలం ఆరు బార్లపాటు, అంటే ఆరు తాళవిభాగాలపాటు, దీర్ఘస్వరాలతో పైకి తేలుతుంది. తిరిగి వేగం అందుకున్నప్పుడు మరొక విశేషం బయటపడుతుంది: ఆరంభంలో బృందం వాయించిన సంగతినే మళ్లీ వాయిస్తుంటే, దానిపై వయొలిన్ సరికొత్త వరుస ఎత్తుకుంటుంది. శ్రోత అంతవరకు ప్రధానమనుకున్నది నిజానికి సహకారమేనని అప్పుడు తేలుతుంది. రచన మొత్తంలో ఇంతకన్నా సాహసవంతమైన చోటు లేదు.

‘ఇ’ మేజర్‌లోని రెండవ భాగం ప్రశాంతమైనది.

మూడవ భాగం రాండో, అంటే పల్లవి మళ్లీ మళ్లీ తిరిగివచ్చే నిర్మాణం. ఆ పల్లవి మినుయెట్ అనే మర్యాదైన రాజసభా నృత్యం నడకలో, మూడు మాత్రల లెక్కలో ఉంటుంది. ఈ భాగం మధ్యలో లెక్క రెండు మాత్రలకు మారి, మన శంకరాభరణానికి సరిపోలే మేజర్ స్వరస్థానాల నుంచి సంగీతం ఒక్కసారిగా ‘ఎ’ మైనర్‌లోకి దూకుతుంది. రచనకు పేరు తెచ్చిన తురుష్క ఘట్టం ఇదే. ఆస్ట్రియాలో తురుష్క సైనిక వాద్యాలకు గుర్తుగా పెద్ద డోళ్లు, తాళాలు వాడటం అప్పటికే అలవాటు. అయితే ఈ బృందంలో ఒక్క చర్మవాద్యమైనా లేదు కనుక, చెల్లోలు, బాస్‌లు కమాను తిరగేసి దాని కర్రతో తీగలను కొట్టి ఆ మోతను పుట్టిస్తాయి. ఈ ఘట్టంలోని సామగ్రిలో కొంత, 1772లో మిలాన్‌లో ప్రదర్శితమైన ‘లూచియో సిల్లా’ ఒపెరా కోసం ఆయన తలపెట్టిన బాలే సంగీతం నుంచి వచ్చింది. ఇంత కోలాహలం తర్వాత మినుయెట్ ఏమీ జరగనట్టే తిరిగివస్తుంది.

కాడెంజాల, అంటే బృందం ఆగగా వాదకుడు ఒంటరిగా మనోధర్మం చూపే తావుల, విషయంలో నడకను ఉన్నట్టుండి విరిచే ఈ లక్షణం ఆచరణకు సంబంధించిన ప్రశ్న అవుతుంది. ఈ కన్చెర్టోకు మొజార్ట్ స్వయంగా రాసిన కాడెంజాలు లభించలేదు. పందొమ్మిదవ శతాబ్దపు విద్వాంసుడు యోజెఫ్ యోఆకిమ్ కూర్చినవి నేటికీ విరివిగా వినిపిస్తున్నాయి. అవి ఎంత అందమైనవైనా, మొదటి భాగంలో దీర్ఘమైన కాడెంజా వాయిస్తే ఆరు బార్ల అడాజియో కలిగించిన ఆశ్చర్యం పలచబడుతుంది. కాబట్టి ఈ కన్చెర్టోకు క్లుప్తమైన కాడెంజాయే తగినది.