పలక పట్టిన రాత్రులు

వరంగల్లు దాటి బెజవాడ వైపు పోయే రైలుదారిలో నెక్కొండ, ఇంటికన్నె తర్వాత కేసముద్రం వస్తుంది. నిజాం కాలంలో ఈ దారి వెంట ఉన్న ఊళ్ళ పిల్లలకు ఇంట్లో తెలుగు, పెద్ద తరగతుల్లో ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో, అంటే ఒక దేశభాషలో, పైచదువు చెప్పిన గొప్ప ప్రయత్నమే, సందేహం లేదు. కాని ఆ భాష ఇక్కడి రైతుబిడ్డది కాదు. ఆ చదువు చూపించిన గమ్యం సర్కారు కొలువు. తీరా 1938లో ఆ విశ్వవిద్యాలయం విద్యార్థులే హాస్టళ్ళలో వందేమాతరం పాడే హక్కు కోసం నిలబడ్డారు. వెళ్ళగొడితే చాలామంది నాగపూరు పోయి చదువు పూర్తి చేసుకున్నారు. వరంగల్లు ప్రాంతపు పి.వి. నరసింహారావు వాళ్ళలో ఒకరు. పాఠం ఒక దిక్కు చూపింది, పిల్లలు ఇంకో దిక్కు నడిచారు. అందుకే తరగతి మనిషి ఆలోచనను మారుస్తుందా అని అడిగేటప్పుడు పుస్తకంలో ఏముందో చూస్తే చాలదు. ఆ పాఠం విన్నవాళ్ళు దాని గురించి తమ మాటలో, తమవాళ్ళ మధ్య నోరు విప్పగలిగారా అన్నదే అసలు సంగతి అని నా నమ్మకం.

కేసముద్రం నుంచి అదే పట్టాల మీద మానుకోట, అంటే మహబూబాబాద్, దాటితే డోర్నకల్. 1912లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య అక్కడ బిషప్పు అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన తొలి భారతీయుడు ఆయనే. తమిళనాట పుట్టిన ఆ మనిషి తెలుగు పల్లెల మాల, మాదిగ వాడల్లో ఉపాధ్యాయులను నిలిపాడు. పగలంతా కూలి కాబట్టి పాఠం పొద్దుగూకాక సాగేది. అక్షరం రానివాళ్ళకు కీర్తనే పుస్తకం. ఆ చదువు వెనుక మతమార్పిడి ఉందని గాంధీ గట్టిగా తప్పుపట్టాడు. ఆ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం, మతం అక్కడ ఉన్న మాట నిజమే. అయినా, ఊరి బడి గడప ఎక్కనివ్వని వాళ్ళు తమ వాడలోనే, తమ తెలుగులోనే ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పడం నేర్చుకున్నారు. చెప్పినవాడి ఉద్దేశం ఏదైనా, ఆ అలవాటు విన్నవాడి సొంతమైంది.

ఈ సంగతిని అన్నిటికంటే స్పష్టంగా చూపించింది నెల్లూరు జిల్లా. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలైంది. దాని కింద 1991లో నెల్లూరులో అక్షర దీపం అనే వయోజన విద్యా కార్యక్రమం వెలిగింది. కూలికి పోయి వచ్చి, వంట ముగించి, ఆడవాళ్ళు పలకలు పట్టుకుని లాంతరు వెలుగులో కూర్చునేవాళ్ళు. వాళ్ళు చదివిన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. మొగుడి సారా తాగుడు ఒక సంసారాన్ని ఎలా మింగేసిందో అందులో చెప్పారు. ఆ కథ వాళ్ళకు కొత్తది కాదు, ఎవరింట్లో జరిగేది వాళ్ళకు తెలుసు. కొత్తేమిటంటే, గోడల మధ్య ఎవరికివారు మింగిన దుఃఖం అచ్చులో కనిపించడం, దాన్ని పదిమంది ముందు గొంతెత్తి చదవడం. 1992లో ఆ జిల్లాలోని దూబగుంట అనే ఊరి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ ఊరి రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. జిల్లాలో సారా వేలం పాటలనే ఆడవాళ్ళు ఆపేశారు. ఆ పోరాటం ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అన్న పాఠంగా మళ్ళీ వాచకంలోకి వచ్చింది. చదివినవాళ్ళ జీవితం తిరిగి పాఠమై రావడం మన విద్యాచరిత్రలో అరుదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది.

ఆ కోపం అంతకుముందే ఉంది కదా, పాఠం చేసిందేమిటి అనవచ్చు. నిజమే. తెలంగాణ జిల్లాల్లో ఆ కాలంలోనే నక్సలైట్లు సారా దుకాణాలు మూయించారు, అక్కడ వాచకంతో పనే పడలేదు. కాని తుపాకీ భయంతో మూతపడిన దుకాణానికీ, రోజూ రాత్రి కలిసి కూర్చున్న ఆడవాళ్ళు తేల్చుకుని మూయించిన దుకాణానికీ తేడా ఉంది. మొదటిదాంట్లో ఊరి ఆడమనిషి చూస్తూ నిలబడేది, రెండోదాంట్లో ఆమే తీర్పరి. కోపం ఏళ్ళ తరబడి ఉన్నా అందరూ ఒకచోట చేరే వేళ లేకపోయింది. ఆ వేళను ఇచ్చింది తరగతే.

ఇంకో అభ్యంతరం దీనికంటే బరువైనది. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. మానుకోట చుట్టుపక్కల తండాల్లో బెల్లం, పటిక కలిపి గుడుంబా కాచడమూ ఆగలేదు. మరి మనసులు మారాయనడం ఎలా? నిషేధం ఎత్తేసింది ఖజానా లెక్క, ఆ ఆడవాళ్ళ అభిప్రాయం కాదు. గుడుంబా సంగతికొస్తే, ఇక్కడ లోపం తరగతులదే అనుకుంటాను. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి మహబూబాబాద్ జిల్లా అక్షరాస్యత సుమారు 57 శాతం. జనాభాలో మూడోవంతుకు పైగా గిరిజనులు, వాళ్ళలో లంబాడీలే ఎక్కువ. తండాలో మాట్లాడేది గోర్ బోలి, పలక మీద రాయించేది తెలుగు. నిజాం నాటి పిల్లవాడికి ఉర్దూతో ఎదురైన ఇబ్బందే ఇప్పుడు తండా తల్లికి తెలుగుతో ఎదురవుతోంది. గుడుంబా కాచే ఇంటికి అదే బతుకుతెరువైతే, తాగుడు తప్పని చెప్పే పాఠం ఆ ఇంటిని తాకదు. కాచడం మానితే పొయ్యి ఎలా వెలుగుతుందో కూడా ఆ పాఠమే మాట్లాడాలి.

ఇక కాలేజీ తరగతి సంగతికొస్తే, 2015లో హైదరాబాదు జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ విద్యార్థులకు స్త్రీపురుష సమానత్వం మీద ఒక కోర్సు పెట్టింది. స్త్రీ అధ్యయన సంస్థ అన్వేషి పరిశోధకులు రాయగా తెలుగు అకాడమీ అచ్చేసిన ఆ పుస్తకం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంది, ఇంటిచాకిరీని కూడా పని కిందే లెక్కగట్టింది. మార్కుల కోసం పిల్లలు అధ్యాపకుడికి నచ్చిన జవాబే రాస్తారని పెదవి విరిచేవాళ్ళు ఉన్నారు. జవాబు కాగితం మీదే ఆగితే వాళ్ళు చెప్పిందే నిజమవుతుంది. కేసముద్రం లాంటి ఊరినుంచి వచ్చిన కుర్రవాడు తన అమ్మ రోజులో ఎన్ని గంటలు పనిచేస్తుందో తరగతిలో పైకి లెక్కగట్టి, ఆ లెక్క మీద పక్కనున్న అమ్మాయితో వాదానికి దిగాడంటే మాత్రం, దూబగుంట లాంతరు కింద జరిగిందే అక్కడా మొదలైనట్టు.