మార్నింగ్ షో బిట్లు, చలం 'దోషగుణం'

మా అనకాపల్లిలో ఎనభైల నాటి మార్నింగ్ షోల గురించి మా బాబాయి కథలు కథలుగా చెప్తుంటాడు. బెల్లం మార్కెట్లో పని వదిలేసి, తెలిసినవాళ్ళెవరి కంటా పడకుండా లైట్లు ఆర్పాక హాల్లోకి దూరడం, ఆపరేటరు మధ్యలో అతికించిన 'బిట్టు' అయిపోగానే సగం హాలు ఖాళీ అవడం.. ఇదీ వరస. మలయాళం డబ్బింగ్ అంటే అప్పట్లో మనవాళ్ళకి అదొక్కటే అర్థం.

పాపం ఐ.వి.శశి! 1978లో ఆయన తీసిన 'అవళుడె రావుకళ్'కి 'ఎ' సర్టిఫికెట్ వచ్చింది. చొక్కా వేసుకుని కూర్చున్న సీమ పోస్టరు చూసి జనం ఎగబడ్డారు. తీరా లోపల ఉన్నది తమ్ముణ్ణి చదివించుకోడానికి ఒళ్ళమ్ముకునే ఒక అమ్మాయి కథ. పోస్టరు ఇచ్చిన మాట సినిమా నిలబెట్టుకోలేదని ఎంతమంది తిట్టుకున్నారో!

మరి తెలుగులో? కామం గురించి చలం అంత రాసినా, మనవాళ్ళు సినిమాలో దాని జోలికి పోయింది చాలా తక్కువ. 2004లో ఇంద్రగంటి మోహనకృష్ణ ఆయన కథ 'దోషగుణం'ని 'గ్రహణం'గా తీశాడు. తొలి చిత్ర దర్శకుడికిచ్చే ఇందిరాగాంధీ జాతీయ అవార్డు కూడా వచ్చింది.

కథ చిన్నదే. పెద్దింటి ఇల్లాలు శారదమ్మ, వాళ్ళింట్లో అన్నం తినే ఒక బీద విద్యార్థి. కుర్రాడికి జ్వరం, ఎంతకీ తగ్గదు. ఇది 'దోషగుణం', ఆడదాని పొందు వల్ల వచ్చిందంటాడు వైద్యుడు. ఆవిడ తొడ కోసి తీసిన రక్తమే మందట! జ్వరం తగ్గిందంటే తప్పు రుజువైనట్టే. సర్వర్ రీస్టార్ట్ చేస్తే ఎర్రర్ పోయింది కాబట్టి రూట్ కాజ్ దొరికేసిందని మెయిల్ కొట్టే మేనేజర్లు మనకి కొత్తేం కాదు కదా :) ఇక్కడ కోసింది మాత్రం ఒక మనిషిని.

నాకు ఆశ్చర్యమనిపించిందేంటంటే, ఈ సినిమాలో ఒక్క 'బిట్టు' కూడా లేదు. కామమంతా ఊరివాళ్ళ బుర్రల్లోనే ఉంది. మొగుడిగా తనికెళ్ళ భరణి మొహంలో అనుమానం మెల్లమెల్లగా గట్టిపడుతుంటే చూడటం ఏ పడగ్గది సీను కన్నా ఇబ్బందిగా ఉంటుంది. పైగా శారదమ్మగా వేసింది జయలలిత. వ్యాంపు వేషాల్లో చూసి చూసి ఆవిడ మీద మనకి ముందే ఒక అభిప్రాయం ఉంటుంది. దర్శకుడు కావాలనే చేశాడో లేదో గానీ, మనల్ని కూడా తీసుకెళ్ళి ఆ ఊరివాళ్ళ మధ్యలో నిలబెట్టేశాడు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు బాబాయికి లాప్‌టాప్‌లో చూపించాను. చివరిదాకా కదలకుండా చూశాడు. అయిపోయాక కాసేపు ఊరుకుని, పిన్ని వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగాడు, "ఒరే, ఇంతకీ వాళ్ళిద్దరి మధ్యా ఏమైనా జరిగిందంటావా?"