ఆంధ్రతీరమున సముద్రజీవ సందర్శనము

తిమింగిలములు, డాల్ఫిన్లు, సముద్రపు తాబేళ్ళు మున్నగు జలచరములను వాని సహజనివాసములయందే, వానికి బాధ కలుగనంత దూరమున నిలిచి, పడవమీదినుండియో ఒడ్డుననుండియో చూచుటకై సాగించు యాత్రకు సముద్రజీవ సందర్శనమని పేరు. లోకమున నిది వృత్తిగా పుట్టి నూఱేండ్లు నిండలేదు. 1955లో అమెరికా దేశపు శాన్ డియాగో రేవున ఒక జాలరి మనిషికొక డాలరు పుచ్చుకొని వలసపోవు బూడిదవన్నె తిమింగిలములను చూపుటతో నిది మొదలయ్యెను. ఆనాటికి నూనెకును మాంసమునకును తిమింగిలములను వేటాడు ఓడలు మహాసముద్రములలో నింకను సంచరించుచునే యుండెను. అంతర్జాతీయ తిమింగిల సంఘము 1979లో హిందూమహాసముద్రమును వానికి రక్షితస్థానముగా ప్రకటించి, 1986 నుండి వాణిజ్యపు వేటపై నిషేధము విధించిన పిమ్మట, చంపుటకంటె చూపుటయే జీవనోపాధికి మేలైన మార్గమని పెక్కు తీరప్రాంతములవారు గ్రహించిరి.

ఇచ్ఛాపురము మొదలు తడ వఱకు వ్యాపించి, చిరకాలముగా 974 కి.మీ. పొడవని లెక్కింపబడుచు వచ్చిన ఆంధ్రతీరము ఈ విషయమున పొందవలసినంత ప్రసిద్ధి పొందలేదు. సముద్రమునకు మిక్కిలి దూరమున, రాతిగుట్టల నడుమ, పాల్కురికి సోమనాథుని పేరుతో వాసికెక్కిన పాలకుర్తివంటి ఊళ్ళవారికిని ఈ తీరము పరాయిది కాదు. ఏలయన, వారి సీమను ఓరుగల్లునుండి యేలిన కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవున అభయశాసనము వ్రాయించి, ఓడ పగిలి ఒడ్డుచేరిన వర్తకుల సొత్తును రాజులు హరించు వెనుకటి ఆచారమును మాన్పించెను. సముద్రమునుండి దిక్కులేక వచ్చినవారికి రక్షణ నిచ్చుట యను ధర్మము ఆ తీరమున అంత పూర్వమే శిలాక్షరమైనది.

తిమింగిలశాస్త్ర చరిత్రలో విశాఖపట్టణమునకు గల స్థానము తెలుగువారిలో కొలదిమందికే తెలియును. అమరావతి శిల్పములను త్రవ్వించినవాడుగా మన మెఱిగిన వాల్టర్ ఇలియట్, ఉత్తర సర్కారులకు కమీషనరుగా నున్న కాలమున, జాలరుల వలలలో పడిన సముద్రసస్తనముల కళేబరములను సేకరించి, వాని చిత్తరువులు వ్రాయించి, ఎముకలతోగూడ లండనుకు పంపెను. వానిని పరిశీలించి 1866లో గ్రంథస్థము చేసినవాడు రిచర్డ్ ఓవెన్. రాక్షసిబల్లులకు డైనోసారులని పేరిడిన పండితుడు నాతడే. ఇప్పుడు ఐరావతీ డాల్ఫిన్ అని ప్రపంచమంతట పిలువబడు గుండ్రని తల జంతువు శాస్త్రమున కెక్కినది, 1852లో విశాఖ రేవున దొరకిన మాదిరివలననే. బర్మాలోని ఐరావతీ నది దానికి పేరు నిచ్చినదేగాని తొలి సాక్ష్యము మన యొడ్డున లభించినది. కుఱుచ దేహము గల మఱియొక జాతియగు వామన స్పర్మ్ తిమింగిలపు తొలిమాదిరి దొరకినది కూడ విశాఖతీరముననే. దీనిని సమీపజాతితో కలిపివేసి నూఱేండ్లు తికమకపడిన శాస్త్రజ్ఞులు 1966లో గాని ఓవెన్ చేసిన విభాగము సరియని స్థిరపఱుపలేదు. ఓవెన్ వర్ణించిన డాల్ఫిన్లలో నొకదాని లాటిను నామమున ‘గదము’ అను తెలుగు జాలరిమాటయే నిలిచిపోయినది. మచ్చల డాల్ఫినునకు ‘బొల్ల గదిమి’ యను తెలుగు పేరును నాటి జంతుశాస్త్ర గ్రంథములు నమోదు చేసినవి. ఆ మృగములను ముందుగా గుర్తించి, వేఱుపఱచి, పేరుపెట్టి పిలిచినవారు తెప్పలపై బ్రదికిన ఈ బెస్తలే యనుటకు ఇంతకంటె గట్టి యాధారము అక్కఱలేదు.

ఇంతటి పూర్వచరిత్ర యున్నను, శ్రీలంకలోని మిరిస్సవలె నియతముగ తిమింగిలయాత్రలు నడచు రేవు మనకు లేదు. దీనికి ముఖ్యకారణము సముద్రగర్భపు స్వరూపము. మిరిస్సవద్ద ఖండపుటంచు ఒడ్డునకు చేరువనే అగాధమునకు దిగును గనుక నీలి తిమింగిలములు తీరమునకు దాపుననే మేత వెదకికొనును. విశాఖయొద్ద ఆ అంచు చాల దూరమున నున్నది. మన తీరమున తిమింగిలము కనబడుట తఱచు విషాదసందర్భమే: 2023 జూలైలో శ్రీకాకుళము జిల్లా మేఘవరము ఒడ్డునకు నీలి తిమింగిలపు కళేబరము కొట్టుకొని వచ్చినది. తిమింగిలము కాకున్నను మత్స్యములలో నెల్ల పెద్దదైన తిమింగిలసొర కథ వేఱు. 2021 డిసెంబరులో విశాఖ సమీపమున తంతడి తీరమున ఇసుకలో చిక్కుకొనిన యొక పెద్ద తిమింగిలసొరను జాలరులు, అటవీశాఖవారు, జంతుప్రేమికులు కలిసి మరల లోతునీటికి నడిపించిరి. ఈ చేప 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు ప్రథమ షెడ్యూలులో నున్నది.

పడవపై డాల్ఫిన్లను చూడగోరువారికి మిక్కిలి నమ్మదగిన స్థలము పొరుగున నున్న చిలికా సరస్సు. 1936 వఱకు మద్రాసు రాజధానిలో చేరియున్న గంజాము జిల్లాను ఆనుకొనియున్న ఈ సరస్సున, సాతపడా రేవునుండి పోవు పడవలు విశాఖలో తొలుత గుర్తింపబడిన ఆ ఐరావతీ డాల్ఫిన్లనే చూపును. 2000లో సముద్రమునకు క్రొత్త ముఖద్వారము త్రవ్వించిన తరువాత సరస్సు తేరుకొనినది. అయితే యాత్రికుని తృప్తిపఱచు తొందరలో పడవలు జంతువును చుట్టుముట్టుటయు, మరలచక్రము దానికి గాయము చేయుటయు అక్కడి పెద్ద సమస్య. చిలికాకు దక్షిణమున ఋషికుల్యా ముఖమున ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వేలకొలది యొక్కమాఱుగా ఇసుకకెక్కి గ్రుడ్లిడుట 1994లో శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది. ఆ చుట్టుప్రక్కల బెస్తపల్లెలలో తెలుగు ఇంటిభాషగా గలవారు పలువురు.

ఆంధ్రతీరమునకు సహజమైన సందర్శనము తాబేలుతోను మడ అడవితోను ముడివడినదని ఈ వ్యాసకర్త యభిప్రాయము. జనవరి మొదలు మార్చి వఱకు రాత్రులయందు రిడ్లే తాబేలు ఒంటరిగా ఒడ్డెక్కి, వెనుకకాళ్ళతో ఇసుకలో గుంటచేసి, నూఱు పైచిలుకు గ్రుడ్లుంచి, కప్పిపెట్టి వెడలిపోవును. నెలన్నర మొదలు రెండు నెలలలో పిల్లలు పైకివచ్చును. ఇసుక వెచ్చదనమునుబట్టి పుట్టునవి ఆడవో మగవో నిర్ణయమగును. వేడి హెచ్చిన ఆడపిల్లలే అధికమగును. కూర్మనాథుని గొలుచు శ్రీకూర్మక్షేత్రము ఈ తీరముననే యుండుట ఎంతయు తగియున్నది. శ్రీకాకుళము, విశాఖ, బాపట్ల యొడ్డులలో అటవీశాఖవారును స్వచ్ఛందసేవకులును గ్రుడ్లను కంచెలలో పొదిగించి, పిల్లలను అలలలోనికి విడుచు వేళ జనులను రానిత్తురు. ఎఱ్ఱని మసకదీపము తప్ప వేఱు వెలుగు వాడరాదు, తల్లి గ్రుడ్లు పెట్టనారంభించువఱకు దగ్గఱకు పోరాదు. తీరపు విద్యుద్దీపములవలన దారితప్పిన పిల్లలు సముద్రమునకు బదులు రోడ్డువైపు ప్రాకును. ట్రాలుపడవల వలలలో చిక్కి ఊపిరాడక చచ్చు పెద్దతాబేళ్ళు మఱింత దుఃఖకరము. వలకు తాబేలు తప్పించుకొను ద్వారము అమర్చుట దీనికి తగిన మందు; ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు తూర్పుతీరమున అమలగు చేపలవేట నిషేధము పిల్లలు పైకివచ్చు కాలపు చివరిభాగమునకు మాత్రమే తోడ్పడును.

కాకినాడ చెంత గోదావరి సాగరసంగమమున 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మడచెట్ల వేళ్ళ నడుమ చెక్కబాటపై నడచుచు, పాయలలో పడవపై పోవుచు, నీటికుక్కలను, అదృష్టవశమున బావురుపిల్లిని చూడవచ్చును. ఎదుట నున్న హోప్ దీవి, నది తెచ్చిన యిసుకతో ఇటీవలి శతాబ్దులలో ఏర్పడిన పొడవాటి తిన్నె, కాకినాడ అఖాతమును అలలనుండి కాపాడుచు తాబేళ్ళకు గ్రుడ్లిడు నెలవైనది. 1839 నాటి తుపానులో నాశనమైన కోరింగ రేవును తలచినవారికి ఈ తిన్నెయు ఈ అడవియు ఎంత విలువైనవో వేఱుగ చెప్పనక్కఱలేదు.

పడవయాత్రలో మర్యాదలు కొన్ని కలవు. డాల్ఫినులకు ఏబది మీటర్లు, తిమింగిలములకు నూఱు మీటర్ల దూరము పాటించుట, ఎదురుగా గాని వెనుకనుండి గాని తఱుమక ప్రక్కగా మెల్లగా సాగుట, ఆహారము వేయకుండుట, తల్లీపిల్లలను విడదీయకుండుట లోకమున వ్యాపించిన ఆచారము. జంతువు దిక్కుమార్చుకొని మునిగిపోయినచో యాత్ర ముగిసినదని తెలిసికొనవలెను.

పాలకుర్తినుండి పోవువారు కాజీపేటలో గోదావరి ఎక్స్‌ప్రెస్ నెక్కి మఱునాడుదయమున విశాఖ చేరవచ్చును. జనవరి మొదలు మార్చి వఱకు అనుకూలకాలము. పడవవాని నెన్నుకొనునపుడు మీ పక్షమున త్వరపడువానిని గాక, మృగము పక్షమున ఆగువానిని ఎన్నుకొనుడు. ఒడ్డున చిక్కిన జంతువేదేని కనబడినచో దానిపై నెక్కి ఛాయాచిత్రము తీయింపక, దాని ఊపిరిరంధ్రమున నీరు పోయక, తడిగుడ్డ కప్పి, వెంటనే అటవీశాఖకు కబురు చేయుడు.