అధిక పీడన తూటాకు తగిన చిన్న చేతి తుపాకీ

తూటా పేలినప్పుడు తుపాకీ గదిలో పుట్టే గరిష్ఠ వాయుపీడనాన్ని తట్టుకోగల పిస్తోలును గానీ రివాల్వర్‌ను గానీ ఎంచుకోవాలి. సికింద్రాబాదులో ఈ ఎంపికకు హద్దు గీసేది మొదట చట్టమే. 9 మి.మీ. పారాబెల్లం వంటి సైనిక తూటాలు పేల్చే పిస్తోళ్లు ఆయుధ చట్టం (1959) కింద నిషిద్ధ బోరు. కంటోన్మెంటులోని సైనికుడి నడుముకు బ్రౌనింగ్ నమూనాపై ఈశాపూర్‌లో తయారైన 9 మి.మీ. 1ఏ పిస్తోలు ఉండవచ్చు. లైసెన్సున్న పౌరుడికి సాధారణంగా దక్కేది .32 బోరే.

ఆ తేడా అంకెల్లో పెద్దది. అమెరికా ప్రమాణాల ప్రకారం చదరపు అంగుళానికి 9 మి.మీ. పారాబెల్లం గరిష్ఠ పీడనం 35,000 పౌండ్లు, .32 ఏసీపీది 20,500, .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్‌ది 15,000. అందుకే .32 ఏసీపీ పిస్తోళ్లలో స్లైడు బరువు, స్ప్రింగు చాలు; 9 మి.మీ.కి సాధారణంగా గొట్టమూ స్లైడూ క్షణకాలం బిగిసి ఉండే ఏర్పాటు కావాలి.

భారత ఆయుధ కర్మాగారాల .32 రివాల్వర్ మధ్యకు విరిచి తూటాలు నింపే రకం. ఒకే .32 కుటుంబానికి చెందిన .327 ఫెడరల్ మాగ్నమ్ పీడనం 45,000, అంటే .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్‌కు మూడు రెట్లు. గదిలో పడితే చాలనుకోవడం ప్రాణాంతకం. గొట్టం మీద చెక్కిన పేరు, తూటా అడుగున ఉన్న పేరు, ప్రూఫ్ ముద్ర చూసి తీరాలి.

2014లో కాన్పూర్ నుంచి వచ్చిన నిర్భీక్ అనే .32 రివాల్వర్ బరువు సుమారు 500 గ్రాములు. తేలిక తుపాకీ చేతిని గట్టిగా తంతుంది. దానికి నెమ్మది తూటాయే నప్పింది.